నూట ఇరవై దాటితే

కొట్టు, కొట్టు మరి, ఏటి ఆగిపోనావు. ఒకటి, రెండు, మూడు, అదిగో, మళ్ళీ ఒక దెబ్బ మింగీసింది, నాలుగుండాల్సిన కాడ ఏటీ లేదు, మెట్టుందనుకుని కాలెడితే మెట్టు లేనట్టు, ఆ తరవాత ధబ్బుమని రెండింటికి సరిపడా ఒకటే దెబ్బ, దానెనకాతల నాలుగైదు ఒకదాని మీదొకటి పడిపోయి అటక మీద ఎలకలు తరుముకున్నట్టు. ఓరి నా గుండే, సిగ్గు లేదురా నీకు, ఎవుడి గుండెవి నువ్వు, నూకన్న గుండెవి, బొత్తాలు సేసే గుల్ల కోసం పన్నెండు బారల లోతుకి దిగినోడి గుండెవి, సొరసేప ఎదురొచ్చి నన్ను సూసి మొహమాటపడి పక్కకి తప్పుకున్న రోజున కూడా తాళం తప్పనోడివి, ఇప్పుడు ఆస్పత్రిలో ఇనప మంచం మీద, ఫ్యాను కింద, ఉతికిన దుప్పటి మీద తొంగున్నాక తప్పుతావా. ఇక్కడ ఆగితే నా పరువేటవుతాది. ఆగాలనుంటే సముద్రంలో ఆగాలి, నలుగురూ సెప్పుకుంటారు, బెడ్డు నంబరు తొమ్మిదిలో ఆగిపోనాడంటే ఎవుడు యింటాడా కత. పొద్దున్నే నర్సు సంతోషకుమారి నా రొమ్ము మీద సల్లగా ఏదో జిగురు రాసి తీగలంటించి, మిషనులోంచి బారెడు కాగితం లాగింది, దాని మీద గీతలు, పీత ఇసకలో నడిసినట్టు. "నూకన్న తాతా, సూడు నీ గీతలు, ఒక సోట దూరం దూరం, ఒక సోట దగ్గర దగ్గర, ఒక లెక్కా పత్రం లేదు" అన్నాది. "ఒలే, అలలు నీకు లెక్క ప్రకారం వొస్తాయేటి" అన్నాను. నవ్వీసింది. మా పక్కూరు ప్రోతరాపూర్ పిల్ల, ఆళ్ళమ్మ మేరి చర్చిలో పాట ఎత్తుకుంటే రోడ్డు మీద బస్సు ఆగిపోద్ది, ఈ పిల్ల జానెడున్నప్పట్నించీ నా కతలు యిని పెరిగింది, నా కతల్లో ఏది ఎంత పెరిగిందో దానికి తెలుసు.

అంతా ఓడ సేసిన పని. మన దీవుల్లో ఏటైనా ఓడ సేసిన పనే గదా, ఉల్లిపాయ లేదంటే ఓడ రాలేదు, ఉత్తరం లేదంటే ఓడ రాలేదు, పెళ్ళి ఆగిందంటే చీరలు ఓడలో ఉన్నాయి, ఈసారి తుపానని చెప్పి మద్రాసులోనే కట్టీసారు, పదకొండు రోజులు. అందరికీ ఉల్లిపాయలు అయిపోనాయి, నాకు మందు అయిపోనాది. మందంటే నల్లమందు. ఇదిగో, మనసులో అనుకున్నా సరే నాలిక అటూ ఇటూ సూసుకుంటాది, ముప్పై ఏళ్ళ అలవాటు. బఠాణీ గింజంత పొద్దున్న, బఠాణీ గింజంత సాయంత్రం. ఓడలో ఖలాసీ జోగులు తెచ్చేవోడు, నొప్పుల బామ్ డబ్బాలో దొంగసాటుగా. ఊరందరికీ నేను సెప్పింది మాత్రం వేరే, తాబేలు మాత్ర అని సెప్పాను, కార్ నికోబార్లో ఒక ముసలోడికి ప్రాణం కాపాడితే ఆడు బతిమాలి నేర్పిన మందు, నూరేళ్ళ తాబేలు పిత్తం, అదీ పున్నమినాడు ఏడ్చిన తాబేలుదే పనికొస్తాది అని. అందరూ నమ్మీసారు. అదే తమాషా, నేను సొరసేపని సెంప మీద కొట్టానంటే నమ్మరు గానీ తాబేలు ఏడుపు నమ్మీసారు. మేరి మోకాళ్ళు పట్టుకుని "నాకూ రెండు మాత్రలు ఇప్పించు అన్నయ్యా" అని వొచ్చింది, దానికి సింతపండూ మిరియాలూ కలిపి ఉండలు సుట్టి ఇచ్చాను, పదేళ్ళు తిన్నాది, నొప్పి సగం తగ్గిందని చర్చిలో సాక్ష్యం కూడా సెప్పీసింది. నావి అయిపోయి నాలుగు రోజులు. మొదటి రోజు ఆవలింతలు, దవడలు ఊడిపోతాయనుకున్నాను. రెండో రోజు ముక్కూ కళ్ళూ కారడం, ఎండలో కూకున్నా కోడి తోలులాగ ఒళ్ళంతా పొడుసుకురావడం. మూడో రోజు నడుంలో ఎముకల్ని ఎవుడో గెడకర్రతో తోస్తన్నట్టు, కడుపు జాడింపు, సెంబు కింద పెట్టలేదు. నాలుగో రోజు, ఈయాల, ఈ గుండె. మా ఊరు బ్రూక్షాబాద్ నించి జీపులో ఏసుకొచ్చారు. కలరా అన్నాడొకడు, జొరం అన్నాడొకడు. నేను మాట్లాడలేదు. నూకన్న మాట్లాడలేదంటే పోయేలా ఉన్నాడని అందరూ అప్పుడే బెదిరిపోనారు.

ఆరు, ఏడు, ఎనిమిది, ఊఁ, పరవాలేదు, తొమ్మిది, మళ్ళీ మింగీసింది, మింగు, మింగు, ఎన్ని మింగుతావో సూస్తాను. అదిగో నా ఎదర బల్ల మీద అప్పలకొండమ్మ. నా పెళ్ళాం. సుట్ట కాలుస్తంది, ఆస్పత్రిలో, అందరి ఎదరా, ఎవుడికీ తెల్దు, నిప్పున్న కొస నోట్లోపల ఎట్టుకుని అడ్డపొగ తాగుతాది, సంతోషకుమారి రెండుసార్లు వాసన పట్టి మంచాల కిందంతా ఎతికింది. ఇది నాకు భయపడదు, సముద్రానికి భయపడదు, ఒక్క దాని మీదే దీనికి పగ. మా వాకిట్లో బోర్లించిన రాకాసి గుల్ల సిప్ప, మూడడుగులది, టూరిస్టులొచ్చి ఎంతిస్తే ఇస్తారని అడుగుతారు, ఇది ఇవ్వదు. రోజూ పొద్దున్న లెగిసి మొహం కడుక్కుని, సుట్ట ముట్టించుకుని, మొదటి ఉమ్మి ఆ సిప్ప మీద ఏస్తాది. ముప్పై ఏళ్ళు. ఒక్క రోజు మానలేదు, నా కూతురు పుట్టిన రోజు కూడా మంచం మీంచి పక్కింటిదాన్ని పంపి ఉమ్మించింది. ఎందుకంటే ఆ గుల్ల దీని తమ్ముణ్ణి మింగీసింది. లక్ష్ముణ్ణి. నా బామ్మర్దిని. అలాగని సెప్పింది నేను.

డాక్టర్ సాబ్ పొద్దున్నే అడిగాడు, కొత్తగా వొచ్చిన కుర్ర డాక్టరు, మెయిన్‌ల్యాండు వోడు, తెలుగు రాదు. "బాబా, నషా-వషా కుఛ్?" మత్తు అలవాట్లేటైనా ఉన్నాయా అని. నేను "నై సాబ్, ఖాలీ సుట్టా" అన్నాను. సంతోషకుమారి పక్కనించి "కఛువే కా దవా భీ సార్, సబ్‌కో దేతా హై" అన్నాది మురిసిపోతా, తాబేలు మందు కూడా, అందరికీ ఇస్తాడని. డాక్టరు నవ్వలేదు. కడుపు జాడించి ఒంట్లో ఉప్పులు పోనాయి, సీసా ఎక్కించండి అన్నాడు, పన్నెండింటికి మళ్ళీ వొస్తాను, అప్పటికీ గుండె పరుగు తగ్గకపోతే ఇంజక్షను, గుండె వేగాన్ని పట్టి ఆపుతాది అన్నాడు. ఎల్లేవోడు ఎల్లక, గుమ్మం కాడ తిరిగి ఏలెత్తి సెప్పాడు, ఆ ఇంజక్షను పడ్డాక ఏ మత్తుమందు గానీ, తాబేలు గీబేలు గానీ, నోట్లో ఏసుకున్నావా, గుండె నెమ్మదయ్యి నెమ్మదయ్యి నిద్దరోతాది. ఆ మాట సంతోషకుమారి తెలుగులోకి మార్సి సెప్పింది. ఆగిపోద్ది తాతా అన్నాది. ఇప్పుడు గోడ మీద గడియారం పదకొండుంబావు సూపిస్తంది.

గడియారం. నాకు గోడ మీద గడియారం ఎందుకు, నాకు పుట్టుకతోనే ఒకటుంది. అదే గదా నా విద్య. స్వతంత్రం వొచ్చిన మూడో ఏడు మేం ఇక్కడికొచ్చాం, నేనూ ఇదీ లక్ష్ముడూ, గుల్ల ములగడానికి మనుషులు కావాలంటే. డోంగీ పడవ మీంచి రాయి కట్టిన తాడు పట్టుకుని దిగిపోవడం, అడుగున పగడాల సందుల్లో గుల్లలు పీకి సంచిలో ఏసుకోవడం, పైకి రావడం. ఎప్పుడు రావాలి? కింద గడియారం లేదు, సూర్యుడు లేడు, ఊపిరిని నమ్మితే ఊపిరి అబద్ధాలకోరు, మొదట్లో భయపెడతాది, తరవాత హాయిగా ఉందంటాది, ఆ హాయి కాడే మనుషులు పోతారు. అందుకని నేను గుండెని లెక్కెట్టేవోణ్ణి. ఎడం సెయ్యి రొమ్ము మీద, కుడి సేత్తో గుల్ల పీకుడు, నూట ఇరవై దెబ్బలు, అంతే, సంచి నిండినా నిండకపోయినా రాయి ఒగ్గేసి కాళ్ళు తన్నడం. అందరికీ నేనే నేర్పాను. నూట ఇరవై దాటితే సముద్రానిది, దాటకపోతే నీది. లక్ష్ముడికీ నేర్పాను. ఆడు నాలాగ కాదు, కతలు రావు, సెప్పింది సెప్పినట్టు సేస్తాడు, నూట ఇరవై అంటే నూట ఇరవయ్యే, నూటపంతొమ్మిదికి ఎదురుగా ముత్యమున్నా తియ్యడు, నూట ఇరవై ఒకటికి అమ్మ పిలిసినా ఉండడు.

ఆడి కత నేను ఎన్నిసార్లు సెప్పాను, ఎన్ని రకాలుగా సెప్పాను. గుల్ల నోరు తెరుసుకునుంది, లోపల నీలం మఖమల్ గుడ్డలాగ మెరుస్తంది, లక్ష్ముడు పొరపాట్న కాలెట్టాడు, ఠప్పున మూసీసింది, నేను కిందకి ఎల్లి కత్తితో తెరవబోతే కత్తి ఇరిగింది, పళ్ళతో పట్టాను, పళ్ళు ఇరిగాయి, ఇదిగో ఈ రెండూ. పళ్ళు ఎక్కడ ఇరిగాయి, సౌల్దారీ ఊళ్ళో పనసపండు దించబోయి సెట్టు మీంచి పడితే ఇరిగాయి. నేను సెప్పేకొద్దీ గుల్ల పెరిగింది, మొదట్లో పీటంత, తరవాత గుమ్మమంత, పోయినేడు మా యీధి పిల్లలకి సెప్పినప్పుడు పడవంత అయిపోనాది. అప్పలకొండమ్మ ప్రతిసారీ యింటాది, మధ్యలో లెగదు, ఆకరికి మాత్రం లెగిసి ఎల్లి సిప్ప మీద ఉమ్మేస్తాది.

భోఁ.

ఓడ! ఓడ కూసింది! వార్డంతా లెగిసిపోనాది, కాలిరిగినోడు కూడా కిటికీ కాడికి ఎల్లిపోనాడు, పక్క మంచం గణేశ్వరరావు, పీడబ్ల్యూడీ గుమాస్తా, కడుపు కోయించుకుని నిన్నంతా అమ్మా అయ్యా అన్నవోడు, సప్పట్లు కొడతన్నాడు. "ఉల్లిపాయలొచ్చాయి మావా! రేపు మా ఆవిడ పకోడీ తెస్తాది, నీకూ ఎడతాను, ఆగు, పోకు!" నా ఒళ్ళంతా ఒకేసారి పొడుసుకొచ్చింది. ఉల్లిపాయల కోసం కాదు. జోగులు. ఇంకో గంటలో జెట్టీకి కడతాది, సాయంత్రానికి ఆడు బ్రూక్షాబాద్ ఎల్తాడు, నూకన్న ఆస్పత్రిలో ఉన్నాడంటారు, సూడ్డానికొచ్చినట్టొచ్చి తలగడ కింద డబ్బా ఎడతాడు. నాలిక మీద అప్పుడే ఆ సేదు ఊరిపోతంది. ఒక్క గింజ. ఒక్క గింజ పడితే నడుం, కడుపు, కళ్ళనీళ్ళు, ఈ ఎలకల పరుగు, అన్నీ సద్దుమణిగిపోతాయి. ఎవుడికీ సెప్పక్కర్లేదు. నోరు మూసుకుని ఇంజక్షను పొడిపించుకుని సాయంత్రం దాకా ఉంటే సాలు. తాబేలు తాబేలుగానే ఉంటాది. గుల్ల గుల్లగానే ఉంటాది. ముప్పై ఒకటి, ముప్పై రెండు, మింగుడు, ముప్పై మూడు. నెమ్మదయ్యి నెమ్మదయ్యి నిద్దరోతాది. ఆగు. ఆ డాక్టరు మాటే నేను ముందెక్కడో సూసాను. యినలేదు, సూసాను. కళ్ళతో.

గుల్ల లేదు. అక్కడ ఇసక, నాలుగు పగడం రాళ్ళు, అంతే. ఆ ఏడు నాకు సెవిలో పోటు, కీళ్ళల్లో పోటు, సౌల్దారీలో ఒక ముసలి కైదీ, శిక్ష అయిపోయినా ఊరెల్లనోడు, ఇది తిను నొప్పి ఎగిరిపోద్దని నల్లమందు ఎట్టాడు. పోటు పోనాది. ఇంకో తమాషా, నూట ఇరవైకి మునపటి కంటే ఎక్కువ గుల్లలు, సంచి నిండిపోయేది, నేను గొప్పోణ్ణయిపోనాననుకున్నాను. నాలుగు రోజులు పోయాక లక్ష్ముడికి పడిశం, సెవి పోటు, ఈయాల ములగలేను బావా అన్నాడు. నేనిచ్చాను. అలవాటు లేనోడికి నాకున్నంత ఇచ్చాను. దిగాడు. రాలేదు. నేను ఎల్లేసరికి అడుగున కూకునున్నాడు, మఠం ఏసుకుని, సంచి నిండా గుల్లలు, ఎడం సెయ్యి రొమ్ము మీద. లెక్కెడతన్నాడు. ఆడి లెక్క తప్పలేదు, ఆడెప్పుడూ తప్పలేదు, దెబ్బే నెమ్మదయిపోనాది, నా మందు దెబ్బకీ దెబ్బకీ మద్దిన దూరం పెంచీసింది, ఆడికింకా నూట ఇరవై అవలేదు. పైకి తెచ్చాక కూడా ఆ సెయ్యి తియ్యడానికి ఇద్దరం పట్టాం. ఒడ్డుకొచ్చేలోపల నేను గుల్లని పుట్టించాను. మర్నాడు వేరే సోట నించి ఆ సిప్ప తెచ్చి సూపించాను. తరవాతనించీ ములగడం మానీసాను, మందు మానలేదు, రాత్రి రొమ్ము మీద సెయ్యి పడితే లెక్క మొదలైపోయేది, మందు తింటే ఆ సెయ్యి తెలిసేది కాదు.

ఇప్పుడు ఆ ఇంజక్షనూ ఈ గింజా. నేనూ మఠం ఏసుకుని. లేదు. నూకన్న అలగ పోడు, ఆడు లెక్కెడతా పోనాడు పాపం తెలీక, నేను తెలిసి పోతానా, నా మందు నన్ను మింగాలా, నేను గదా దాన్ని మింగాలి. ఏయ్ గుండే, కొట్టు, ఇష్టమొచ్చినట్టు కొట్టు, నీతో నాకు తరవాత ఉంది పని. "సంతోషకుమారీ! ఒలే పిల్లా, ఇలగ రా. అది తాబేలు కాదు. నల్లమందు. నేను ముప్పై ఏళ్ళబట్టి నల్లమందు తింతన్నాను."

సంతోషకుమారి సీసా బిగిస్తా నవ్వింది. "ఇదొకటా తాతా? ఈసారి తాబేలే నల్లమందు తిన్నాదేటి?" గణేశ్వరరావు కుట్లు పట్టుకుని మరీ నవ్వతన్నాడు. "ఓడలో తెప్పించావా మావా, ఉల్లిపాయల బస్తాలో?" "అవున్రా, ఓడలోనే, జోగులు" అన్నాను, ఇంకా నవ్వారు. ఓరి దేముడో. జీవితంలో ఒక్క నిజం, అదీ ఎవుడూ కొనడంలేదు. "మరి మా అమ్మకిచ్చింది?" అన్నాది సంతోషకుమారి, నవ్వుతానే, కొంచెం తగ్గి. "సింతపండే. మిరియాలు. మీయమ్మ నొప్పి తగ్గింది మీయమ్మ పాట వల్ల." అప్పుడే డాక్టరొచ్చాడు. ట్రేలో ఇంజక్షను. సంతోషకుమారి "సార్, బాబా కహానీ బోల్ రహా హై, అఫీమ్ ఖాతా హై బోల్కే" అన్నాది నవ్వు మింగుతా. ఆ కుర్ర డాక్టరుకి నేనెవుడో తెల్దు. సొరసేప తెల్దు, గుల్ల తెల్దు. నా రెప్ప పైకెత్తి నల్లగుడ్డు సూసాడు, పెద్దదైపోయి ఉంది. సేతి మీద లెగిసిన రోమాలు సూసాడు. అదే టైములో నాకు ఆవలింతొచ్చింది, ఓడ కూతంత. ట్రేని పక్కకి జరిపాడు. "కిత్నా? కబ్ సే? బంద్ కబ్?" నా మొత్తం జీవితంలో అంత పొట్టి కత సెప్పలేదు. బఠాణీ గింజంత సాబ్. రోజుకి రెండు. తీస్ సాల్. నాలుగు రోజులై లేదు. ఆడు నవ్వలేదు, తిట్టలేదు, కాగితం మీద రాసుకున్నాడు. ఈ ఇంజక్షను వొద్దన్నాడు. ఈ వయసులో ఒక్కసారిగా ఆపితే గుండె ఇలాగే తిరగబడతాది, మేమే కొంచెం కొంచెం మందిచ్చి దింపుతాం, రోజూ తగ్గిస్తాం, ఎవుడు తెచ్చిందీ ముట్టకు అన్నాడు. సంతోషకుమారి మొహంలో నవ్వు ఎప్పుడు పోనాదో, "నిజంగానేనా తాతా" అన్నాది సిన్నగా, ఎల్లిపోనాది.

అప్పలకొండమ్మ సుట్ట నోట్లోంచి తీసింది. నిప్పు సల్లారిపోయి ఉంది. ఇందాక తెలుగులో సెప్పినప్పుడు ఇదీ కతే అనుకున్నాది, డాక్టరు రాసుకున్న తీస్ సాల్ మాత్రం దానికి అర్థమైంది, ఈ దీవుల్లో ఆమాత్రం హిందీ కుక్కకి కూడా వొచ్చు. "ముప్పై ఏళ్ళా" అన్నాది. ఊఁ అన్నాను. "మా తమ్ముడున్నప్పుడా?" ఊఁ. "ఆడికీ ఇచ్చావా?" భోఁ అని ఓడ రెండోసారి కూసింది. నాకు కత రాలేదు. ఎప్పుడూ నోటి సివర ఉంటాది, ఎవుడడిగినా సిద్ధంగా ఉంటాది, ఆ పూట రాలేదు. "ఇచ్చానే. గుల్ల లేదు. ఆడు కూకుని లెక్కెడతన్నాడు." అంతే. వార్డంతా కిటికీ కాడే ఉంది, ఓడని సూస్తంది. ఇది నన్నే సూస్తంది. తిట్టమను, కొట్టమను, ఓడెక్కి దేశం ఎల్లిపోమను, ఓడ కూడా వొచ్చి రెడీగా ఉంది. లెగిసింది. బల్ల మీద గుడ్డసంచి తీసింది. పోతంది. పోనీ, పోతే పోనీ, నిజం సెప్పి పోగొట్టుకున్నాను, ఈసారి అబద్ధం సెప్పి ఉంచుకోలేదు, నూకన్నకి అదీ గొప్పే. సంచిలోంచి నీళ్ళసీసా తీసి తాగింది. పుక్కిలించింది. ఎక్కడ ఉమ్మాలో తెలవనట్టు అటూ ఇటూ సూసింది, నా మొహం మీద ఉమ్ముతాదనుకున్నాను, కళ్ళు మూసుకోలేదు, ఉమ్మనీ. మింగీసింది.

"పాపం, ఆ సిప్ప ఏం సేసింది" అన్నాది. "ముప్పై ఏళ్ళు."

వొచ్చి మంచం మీద కూకుంది. తీగల మద్దిన సోటు సూసుకుని నా రొమ్ము మీద సెయ్యేసింది, ఎడం సెయ్యి, బరువుగా, ప్రేమగా కాదు, దొంగ కాలరు పట్టుకున్నట్టు. "లెక్కెట్టు" అన్నాది. "పైకి. నాకు యినపడాలి." ఒకటి అన్నాను. రెండు. మూడు. నాలుగు కాడ ఖాళీ. నేను ఆగాను. దాని సెయ్యి బిగుసుకుంది. "అది ఒగ్గీసావేం?" "అది కొట్టలేదే." "కొట్టంది కూడా లెక్కెట్టు. సొంతంగా ఏదీ తీసీకు, ఏదీ కలపకు." సరే. నాలుగు, అది కొట్టలేదు. అయిదు. ఆరు. ఎలకలు పరిగెత్తాయి, ఏడెనిమిది తొమ్మిది, అవీ సెప్పాను. యాభై కాడ కళ్ళల్లోంచి నీళ్ళు కారతన్నాయి, మందు లేనందుకే, నాలుగు రోజులబట్టీ కారతన్నాయి. తొంభై కాడ సంతోషకుమారి కాగితం గ్లాసులో ఏదో మందు తెచ్చి, మమ్మల్ని సూసి, కదలకుండా నిలబడిపోనాది. ఓడ మూడోసారి కూసింది, జెట్టీకి కట్టీసినట్టుంది, జోగులు దిగుతుంటాడు. ఇది సెయ్యి తియ్యలేదు. నూటపదిహేడు. నూటపద్దెనిమిది, కొట్టలేదు. నూటపంతొమ్మిది. నూట ఇరవై.

ఇది నా మొహంలోకి సూసింది. నేను పైకి రాలేదు.

నూట ఇరవై ఒకటి.